బురద పుస్తకంలో నక్షత్రం

సెప్టెంబర్ 14

ఈ ఏడాది సైన్సు పోటీకి పీతలు ఖాయమయ్యాయి. పోయినేడు చీమలు, అంతకుముందు బియ్యం కడిగిన నీళ్లు. రెండూ జిల్లా దాటలేదు. పద్దెనిమిదేళ్లుగా ఈ ఊళ్లో సైన్సు చెబుతున్నాను. తైపే పిల్లలు మొదటి బహుమతి పట్టుకుపోతుంటే మా పిల్లలు బుద్ధిగా చప్పట్లు కొట్టడమే చూశాను. ఈసారి అలా జరగనివ్వను.

ప్రశ్న లాన్‌ది. వాళ్ల ఇల్లు సముద్రపు కట్టని ఆనుకునే ఉంటుంది, తల్లి ఆల్చిప్పలు ఒలుస్తుంది. "నీళ్లు రాకముందే పీతలు బురదతో కన్నాలు మూసేసుకుంటాయి కదా టీచర్, వాటికి టైమెవరు చెప్తారు?" అని అడిగింది. ఎనిమిదో తరగతిలో ఇంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. మూడు పుస్తకాలు తిరగేస్తే సగం జవాబే దొరికింది. మిగతా సగం మనం కనుక్కుంటే బహుమతి మనదే.

జట్టులో నలుగురు. తూ పిన్, వాడి నోరు ఆగదు. వెన్ చ్యావ్, పెన్సిళ్లు కూడా పొడవు వరసలో పెట్టుకునే పిల్ల. కో యెన్, చెప్పింది చేస్తాడు, చెప్పకపోతే నిలబడతాడు. చ్యెన్ లాన్. చిన్నప్పుడు స్కూటర్ మీంచి పడిందట, ఎడమ కాలు కాస్త ఈడుస్తుంది.

ప్రయోగ పుస్తకం ఇచ్చాను. న్యాయనిర్ణేతలకు పేర్లు కనపడకూడదు కాబట్టి ఎవరు కొలిస్తే వాళ్ల గుర్తు వేయాలి. పిన్‌ది వృత్తం, చ్యావ్‌ది త్రికోణం, యెన్‌ది చదరం, లాన్‌ది నక్షత్రం. నా పాత పాఠం మళ్లీ చెప్పాను: తప్పు రాస్తే రబ్బరు వాడకూడదు, తెల్ల సిరా పూయకూడదు. ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయాలి. కొట్టేసింది కూడా చదవడానికి వీలుగా ఉండాలి.

సాయంత్రం నలుగురితో బురదలో దిగాను. మోకాలి దాకా కూరుకుపోయాను. లాన్ పొట్ట పట్టుకుని నవ్వింది. "మడమ దించకండి టీచర్! వేళ్ల మీద, వేళ్ల మీద నడవండి!"

అక్టోబర్ 9

ఉత్తరపు గాలి మొదలైంది. మిగతా ముగ్గురికీ ట్యూషన్లట, రావడం దాదాపు మానేశారు. లాన్ రోజూ వెళ్తోంది. వెదురు చట్రం బురద మీద పరిచి, అందులో తెరిచి ఉన్న కన్నాలు లెక్కపెడుతుంది. నీళ్లు వచ్చేదాకా పది నిమిషాలకోసారి మళ్లీ లెక్క. ఇవాళ ఒక చెప్పు బురదలో పోయిందట. దాని కోసం చెయ్యి పెట్టి వెతుకుతుంటే ఆల్చిప్ప పెంకు తగిలి బొటనవేలు తెగింది.

వాళ్లమ్మ లాన్‌ని వెంటబెట్టుకుని బడికొచ్చింది. చేతిలో మిగిలిన చెప్పు.

"ఏంటండీ టీచరుగారూ, దీన్ని బురదలోంచి బయటపడేస్తారని బడికి పంపిస్తే మీరే బురదలోకి తోల్తున్నారు! అందులో పడి దొర్లడానికి ఇంటికొకర్తిని నేను చాలనా?"

కొత్త చెప్పులు కొనిస్తానన్నాను. "చెప్పులెవరిక్కావాలండీ" అని ఆ ఒంటి చెప్పు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. దాన్ని సొరుగులో పడేశాను.

లాన్ వేలికి కట్టు కట్టాను. "లెక్క మాత్రం పోలేదు టీచర్, నలభై ఒకటి" అంది.

నవంబర్ 20

కట్ట వైపున్న పీతలు మిగతావాటి కంటే అరగంట ముందే కన్నాలు మూసుకుంటున్నాయి. లాన్ పట్టుకుంది. పదకొండు రోజులు వరసగా ఇదే. పుస్తకాల్లో ఎక్కడా లేదు. సంతోషంతో అన్నం సరిగ్గా తినలేకపోయాను.

డిసెంబర్ 18

బడి స్థాయిలో మాదే మొదటి స్థానం. డెబ్భై ఒక్క రోజుల లెక్క ఎవరి దగ్గరుంది?

ప్రయోగ పుస్తకానికి ఇప్పుడు బురద పుస్తకమనే పేరు, దాన్ని ఇనుప బీరువాలో పెట్టాను. లాన్ ఎక్కడినుంచో ఆకుపచ్చ చిరుతిళ్ల పొట్లం తెచ్చి దాని మీద పెట్టింది, యంత్రాలు బుద్ధిగా నడుస్తాయనే నమ్మకంతో ఆఫీసుల్లో కంప్యూటర్ల మీద పెడతారే, అలాంటిది. "పుస్తకం బుద్ధిగా ఉండాలి కదా టీచర్." సైన్సు గదిలో ఇదేం పని అని తిట్టాను, కానీ తియ్యలేదు. ప్రిన్సిపాల్ ప్రింటర్ మీద కూడా ఒకటుంది మరి.

జనవరి 20

జిల్లా పోటీ దరఖాస్తులో ముగ్గురి పేర్లే రాయాలి. ఈ నిబంధన నాకు సెప్టెంబర్‌లోనే తెలుసు. అప్పటికి ఎవరో ఒకరు మానేస్తారులే అనుకున్నాను. బురదలోకి రాకపోయినా జట్టులోంచి ఎవరూ తప్పుకోలేదు.

ప్రిన్సిపాల్ పిలిచారు. పిన్ వాళ్ల నాన్న తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షుడు. చ్యావ్, యెన్ ఇద్దరూ పెద్ద బడిలో సీటు కోసం చూస్తున్నారు. "లాన్ వంటల కోర్సుకి వెళ్తుందట కదా, ఆ పిల్లకి ఈ సర్టిఫికెట్ దేనికండీ? వేపుళ్లలో వేసుకుంటుందా?" అన్నారు ప్రిన్సిపాల్. నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

కానీ ఆలోచిస్తే ఇదే న్యాయం. గెలిస్తే వేసవిలో విశ్వవిద్యాలయం పెట్టే సైన్సు శిబిరంలో కూడా చోటిస్తారు. ఎవరికి పనికొస్తుందో వాళ్లకే దక్కాలి.

జనవరి 23

లాన్‌కి చెప్పాను. "సరే టీచర్" అంది. బాధపడలేదు.

ఫిబ్రవరి 6

చలికాలం సెలవులు. బురద పుస్తకం న్యాయనిర్ణేతల ముందు పెట్టేలా లేదు. మరకలు, ఉప్పు, ఒక పేజీలో ఎండిపోయిన పీత కాలు. అన్ని బడుల్లోనూ శుభ్రమైన ప్రతి ఒకటి రాయిస్తారు. మేమూ ఇవాళ మొదలుపెట్టాం.

చిక్కల్లా ఏమిటంటే డెబ్భై ఒక్క రోజుల్లో యాభై రెండింటికి ఉన్నది లాన్ నక్షత్రమే. దరఖాస్తులో లేని మనిషి గుర్తు పుస్తకంలో ఉంటే అడుగుతారు. అందుకని నక్షత్రాలను ముగ్గురికీ పంచాను. లెక్కలన్నీ నిజమే. ఒక్క అంకె మార్చలేదు. మార్చింది గుర్తులే.

ఆ బురదలో రాత లాన్‌కి తప్ప ఎవరికీ అర్థం కాదు, అందుకే తననే చదవమన్నాను. లాన్ చదువుతుంటే ముగ్గురూ తలా కొంత రాశారు.

"అక్టోబర్ తొమ్మిది, మధ్యాహ్నం మూడూ నలభై, ఉత్తరపు గాలి, కన్నాలు నలభై ఒకటి."

"ఎవరి గుర్తు?" అన్నాడు పిన్.

లాన్ నా వైపు చూసింది. వృత్తం వేయమన్నాను.

"వృత్తం" అంది లాన్.

పొద్దుట తొమ్మిదింటి నుంచి సాయంత్రం దాకా అలాగే సాగింది. "వృత్తం. త్రికోణం. వృత్తం. చదరం." ఒక్కసారి కూడా గొంతు మారలేదు. చివర్లో అందరికీ వేడివేడి ఎర్రచిక్కుడు పాయసం తెప్పించాను. లాన్ తాగలేదు. గొంతు నొప్పట. రోజంతా చదివింది కదా.

ఫిబ్రవరి 7

పుస్తకం చక్కగా వచ్చింది. బాధపడలేదు ఆ పిల్ల.

మార్చి 12

రిహార్సల్. నేనే న్యాయనిర్ణేతని. జవాబులన్నీ వాళ్లకి కంఠతా వచ్చాయి. ముగ్గురినీ కాస్త తికమక పెడదామని అడిగాను: "వృత్తం గుర్తు ఎవరిది? అక్టోబర్ తొమ్మిదిన బాగా గాలి కదా, ఇబ్బంది పడలేదా?"

పిన్ వెంటనే అందుకున్నాడు. "పడ్డానండీ. ఆ రోజు నా చెప్పొకటి బురదలో పోయింది. చెయ్యి పెడితే ఆల్చిప్ప పెంకు కోసుకుంది. ఇదిగోండి." బొటనవేలు చూపించాడు. సన్నటి తెల్ల గీత.

"ఒరేయ్, ఇది నీకెవరు రాసిచ్చారు?"

"రాసివ్వడమేంటి టీచర్? నాకు జరిగింది కదా." వాడి మొహంలో నటన లేదు. నటన వస్తే వాణ్ని నాటకాల్లో పెట్టేదాన్ని.

లాన్ కిటికీ పక్కన గడియారం పట్టుకుని కూర్చుంది, టైము చూసే పని తనదే. తల ఎత్తలేదు.

మార్చి 13

లాన్ చెప్పి ఉంటుంది వాడికి. గీత కాగితం కోసుకున్నదై ఉంటుంది. పిల్లలకి ఒకే మాట వందసార్లు చెప్పిస్తే అదే నమ్ముతారు. నమ్మితేనే బాగా చెబుతారు కూడా.

ఏప్రిల్ 2

నివేదికలోని ఫోటోల్లో పిల్లల మొహాలు కనపడకూడదు. కూర్చుని ఒక్కో మొహం మీదా బూడిదరంగు చుక్క అతికించాను. మొదటి రోజు బురదలో తీసిన ఫోటో దగ్గర ఆగాను. చుక్కలు మూడే పట్టాయి. నలుగురూ ఉన్నారనే గుర్తు నాకు. లాన్ కెమెరా పట్టుకుని ఉంటుంది.

ఆ రోజు కెమెరా నా మెడలో ఉంది.

ఏప్రిల్ 24

జిల్లాలో మొదటి బహుమతి! జులైలో దేశస్థాయి, తైనాన్‌లో. పద్దెనిమిదేళ్లు. ప్రిన్సిపాల్ గేటుకి ఎర్ర గుడ్డ కట్టించారు, మూడు పేర్లు, కింద నా పేరు. పెద్ద పెద్ద అక్షరాలు. నాలుగుసార్లు ఆ దారినే నడిచాను.

మే 6

వరండాలో లాన్ ఎదురైంది. మెట్లు రెండేసి ఎక్కుతోంది. కాలు నయమైందనుకుంటా. మంచిదే.

గేటు మీది గుడ్డ చూపించి, "అందులో నీ కష్టం కూడా ఉందమ్మా" అన్నాను. ఎప్పటినుంచో అనాలనుకుంటున్న మాట.

"నా కష్టమా? ఏం కష్టం టీచర్?"

"అదేంటి. బురదలో అన్ని రోజులు..."

"నేనా?" నవ్వింది. ఎత్తిపొడుపు కాదు, కోపం కాదు. మర్యాదకి నవ్వే నవ్వు. "బురదంటే నాకు భయం టీచర్. ఎప్పుడూ దిగలేదు. మీరు పిన్ వాళ్లనుకుని అంటున్నట్టున్నారు."

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తల్లి ఆల్చిప్పల కుప్ప ముందు కూర్చుని ఉంది. కత్తి ఆపకుండానే మాట్లాడింది. "దిగితే కాళ్లిరగ్గొడతాను టీచరుగారూ. దానికి నీళ్లంటేనే పడదు. కట్ట కూడా ఎక్కదు."

"మీరు అక్టోబర్‌లో చెప్పు పట్టుకుని బడికొచ్చారు కదండీ."

కత్తి ఆగింది. "నేను మీ బడికి రావడం అడ్మిషన్‌కి వచ్చిందే."

మే 7

నా మీద కోపంతో తల్లీకూతుళ్లు కూడబలుక్కున్నారు. అంతే. ఉక్రోషం ఉంటుంది కదా.

జూన్ 10

జొంగ్‌జు పండగ సెలవులు. ఆకులో చుట్టిన అన్నం ముద్దలు ఎవరెవరో ఇస్తే తిన్నాను, కడుపు బరువుగా ఉంది. పిల్లలు బాగా తయారయ్యారు. అక్టోబర్ నుంచీ ఆ ముగ్గురూ పడ్డ శ్రమ తల్చుకుంటే గర్వంగా ఉంది. ఆ గాలిలో పిన్ చెప్పు పోగొట్టుకుని, వేలు కోసుకుని, అయినా లెక్క వదలకుండా వచ్చాడు. వాడి వేలికి నేనే కట్టు కట్టాను. నలభై ఒకటి అన్నాడు. ఇలాంటి పిల్లలు దొరకడం నా అదృష్టం.

జూన్ 11

నిన్న రాసింది ఇప్పుడు చదివాను. 

అది రాస్తున్నప్పుడు నాకు అబద్ధమనిపించలేదు. ఆ కట్టు, పిన్ వేలు, అన్నీ కళ్లకి కట్టాయి. వెనక్కి తిప్పి అక్టోబర్ 9 చదివాను. నా రాతే. లాన్ అని ఉంది. ఎవరో చెబితే విన్నట్టు ఉంది.

సెలవైనా బడికెళ్లి సొరుగు తెరిచాను. చెప్పు ఉంది. ఎడమకాలిది, చిన్నది, ముందుభాగం నేలకి రాసుకుని అరిగిపోయింది. కాలు ఈడ్చే మనిషి చెప్పు. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను.

జూన్ 12

బీరువాలోంచి బురద పుస్తకం తీశాను. దాని మీది పొట్లం గడువు మార్చిలోనే దాటిపోయింది. పేజీలు అంటుకుపోయాయి. నెమ్మదిగా విడదీసి నక్షత్రాలు లెక్కపెట్టాను. యాభై రెండు. ఖాయం చేసుకుందామని మళ్లీ లెక్కపెడితే యాభై ఒకటి.

ఉప్పుకి సిరా పెచ్చులూడుతోంది, విడదీసినప్పుడల్లా రాలుతుంది. మూడోసారి లెక్కపెట్టలేదు.

జూన్ 13

పోటీ అయ్యాక చూద్దాం.

జులై 1

పోటీ అయ్యాక.

జులై 22, తైనాన్

వసతి గృహంలో దిగాం. రేపే న్యాయనిర్ణయం. బురద పుస్తకం నా సంచిలో అడుగున ఉంది. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు.

సాయంత్రం వరండాలో ఆఖరి రిహార్సల్. చ్యావ్ అంది, "టీచర్, బురదలో ఎలా నడుస్తారో చూపించమంటే?" "చూపించండి మరి" అన్నాను.

ముగ్గురూ చెప్పులు విడిచారు. నున్నటి గచ్చు మీద వేళ్ల మీద నడిచారు, మడమ దించకుండా. ముగ్గురూ ఎడమకాలు ఈడుస్తున్నారు. సర్ర్, సర్ర్, సర్ర్. ఒకేసారి.

"ఆ కాలెందుకు ఈడుస్తున్నార్రా?"

యెన్ కిందికి చూసుకున్నాడు. "ఈడుస్తున్నామా?"

లాన్ మెట్లు రెండేసి ఎక్కడం గుర్తొచ్చింది. ఆ పిల్ల దగ్గర ఇంకేం మిగిల్చాం మేం?

గదిలోకొచ్చి తలుపు వేసుకున్నాను. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టాను. బురద పుస్తకంలో ఇప్పుడు నక్షత్రాలు ముప్పై లోపే కనిపిస్తున్నాయి. పోయినచోట ఆ పిల్ల అంకెలున్నాయి, ఏడుని ఎప్పుడూ తోకతో రాస్తుంది. అది చాలు.

శుభ్రమైన పుస్తకంలో మొదటి గుర్తు మీద ఒక్క గీత కొట్టాను. పక్కన నక్షత్రం వేసి నా పేరు రాశాను. పేర్లు ఉండకూడదని తెలుసు. కొట్టేసింది చదవడానికి వీలుగానే ఉంది. యాభై రెండు గీతలు. యాభై రెండు నక్షత్రాలు. కింద రాశాను: ఇవి నాలుగో విద్యార్థినివి. పేరు చ్యెన్ లాన్. గుర్తులు మార్పించింది నేను. పిల్లల తప్పు లేదు.

ఆ పేరు రాసేటప్పుడు ఒక్క క్షణం ఆగాల్సి వచ్చింది. పేరు నోటిదాకా వచ్చి రాలేదు.  డైరీ మొదటి పేజీ చూసి రాశాను.

జులై 23

టీచర్లని లోపలికి రానివ్వరు. బయట తాడు దగ్గర నిలబడ్డాను. ముగ్గురూ బయటికొచ్చారు, బడి పేరు బయటపడకూడదని యూనిఫాం వద్దన్నారు, ఎవరి పిల్లలో అన్నట్టున్నారు.

"ఒక పెద్దావిడ పుస్తకం తెరిచారు టీచర్" అన్నాడు పిన్. మొదటిసారి వాడి నోరు తడబడింది. "ఈ నక్షత్రం ఎవరని అడిగారు. నాకు తెలీదన్నాను. నిజంగా తెలీదు టీచర్. కానీ ఏడుపొచ్చేసింది. ఎందుకో మరి."

"కట్ట మీద నాలుగు జతల బూట్లుండేవి" అంది చ్యావ్. మా ఎవరితోనూ కాదు, నేలతో. "నేనే వరసగా పెట్టేదాన్ని. నాలుగు జతలు."

పోటీ నుంచి తప్పించారు. లేఖ బడికి వెళ్తుందట. ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు. "మీకు మతిపోయిందా? ఆ గుడ్డ నేనేం చేసుకోను ఇప్పుడు?" అని అరిచారు. పిన్ వాళ్ల నాన్న కూడా చేశారు, ఆయన మాటలు రాయను. ముగ్గురు పిల్లల వేసవి శిబిరం పోయింది. అది నా వల్లే. మూడు రోజులు తలెత్తలేనేమో. కానీ ఆకలేసింది, బాగా తిన్నాను.

జులై 30

రెండు పుస్తకాలూ పట్టుకుని కట్ట దగ్గరికి వెళ్లాను. లాన్‌ని కట్ట ఎక్కించడానికే అరగంట పట్టింది. వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

శుభ్రమైన పుస్తకం తెరిచి చూపించాను. 

"ఎవరు టీచర్ ఈ నక్షత్రం?"

"నువ్వే."

తల అడ్డంగా ఊపింది. చేతులు ఒళ్లోంచి తియ్యలేదు. తనని దిగమనలేదు నేను. వెదురు చట్రం తీసుకుని నేనే దిగాను. మూడో అడుగుకే మోకాలి దాకా కూరుకుపోయాను. బయటికి లాగుదామంటే కాలు రాదు. ఎలా నడవాలో నాకెవరో చెప్పారు, ఎవరో, ఏమని చెప్పారో గుర్తు రాలేదు. నటన కాదు. నిజంగానే గుర్తు రాలేదు.

"మడమ దించకండి!" కట్ట మీంచి అరుపు. "వేళ్ల మీద టీచర్! వేళ్ల మీద నడవండి!"

వెనక్కి తిరిగాను. లాన్ లేచి నిలబడి ఉంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తనకే నమ్మకం లేనట్టు చూస్తోంది.

 వేళ్ల మీద నడిచి, చట్రం పరిచి లెక్కపెట్టాను. "ముప్పై ఆరు!" అన్నాను గట్టిగా.

"ముప్పై ఎనిమిది" అంది పైనుంచి. "మీరు చట్రం పరిచాక కట్ట వైపు రెండు మూసుకున్నాయి. అవీ కలపాలి."

పైకొచ్చి బురద పుస్తకంలో తేదీ, టైము, ముప్పై ఎనిమిది రాసి పెన్ను తన చేతికిచ్చాను. కొలిచినవాళ్ల గుర్తు ఉండే చోటు ఖాళీగా ఉంచాను. పెన్ను తీసుకుంది. ఒక గీత గీసింది. రెండోది గీసింది. అక్కడ ఆగింది. బొటనవేలితో పెన్నుని రుద్దింది.

"తర్వాతి గీత ఎటెళ్తుందో గుర్తు రావట్లేదు టీచర్."

ఇంటికెళ్తుంటే చూశాను, ఎడమకాలు కాస్త ఈడ్చింది. రేపు నీళ్లు తగ్గేది నాలుగూ పదికి. మళ్లీ వెళ్తాం.